తుమ్మకాయల డబ్బా

ప్రతి ఉదయం కుళ్లాయప్ప ఒక రేకు డబ్బాలో గుప్పెడు ఎండు తుమ్మకాయలు వేసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడిస్తాడు. శబ్దం నచ్చకపోతే మూత తీసి రెండు కాయలు తీసేస్తాడు, లేదా ఒకటి వేస్తాడు. మళ్లీ ఆడించి వింటాడు. అంతా కుదిరిందనుకున్నాక డబ్బాను తువ్వాలులో గట్టిగా చుట్టి చంకన పెట్టుకుని, సంగటి మూట చేత్తో పట్టుకుని గొర్రెల దొడ్డి వైపు నడుస్తాడు. తువ్వాలు చుట్టకపోతే డబ్బా దారి పొడవునా మోగుతుంది. మోగితే వీధిలో ఎవరి గొర్రె అయినా తలెత్తి ఆయన వెంట పడుతుంది. ఒకసారి పడింది కూడా. దాని యజమానురాలు వచ్చి చీపురు చేతిలో పట్టుకునే మాట్లాడింది.

ఆ డబ్బా నిజానికి బలానికి పాలల్లో కలుపుకొని తాగే పొడిది. దాని మీద కండలు తిరిగిన ఒక యువకుడి బొమ్మ ఉండేది. నాలుగేళ్ల ఎండకు రంగు వెలిసి ఆ మనిషికి తల పోయింది, భుజాలు మాత్రం మిగిలాయి.

అంతకుముందు ఆయనకు డబ్బాతో పని లేదు. ఈల ఉండేది.

రెండు వేళ్లు నాలుక కింద పెట్టి ఒక పొడుగు ఈల, వెంటనే రెండు పొట్టి ఈలలు వేసేవాడు. ఊరికి పడమరన ఉన్న గుట్ట మీద నుంచి వేస్తే మా వీధిలో వినిపించేది. సాయంత్రం ఆ ఈల విన్నాకే ఆయన భార్య సిద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మాకూ అదొక గడియారం. కొత్తచెరువుకు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో బడి గంట తప్పు కొట్టవచ్చు, బస్సు అసలే రాకపోవచ్చు, కుళ్లాయప్ప ఈల మాత్రం వేళకు వచ్చేది. తొమ్మిదేళ్లప్పుడు తండ్రి వెంట మందలోకి వెళ్లిన మనిషి ఆయన. గూగూడు కుళ్లాయస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. బడికి వెళ్లలేదు. అప్పటినుంచీ తెలిసిన పని ఒక్కటే.

ఆ పనిలో ఈల ఎంత ముఖ్యమో చెప్పాలంటే నీళ్ల తొట్టి సంగతి చెప్పాలి. మా ఊరి గొర్రెలు మధ్యాహ్నానికి ముందు ఎర్రన్న అనే రైతు బోరు దగ్గర తొట్టిలో నీళ్లు తాగుతాయి. తొట్టి ఒక్కటే. రెండు మూడు మందలు ఒకేసారి వస్తాయి, వచ్చిన నిమిషానికి కలిసిపోతాయి. ఏది ఎవరిదో చూసేవాళ్లకు తెలియదు. అయినా ఎవరూ కంగారు పడరు, చేతులతో పట్టి వేరు చేయరు. నీళ్లు తాగడం అయ్యాక ఒక కాపరి ఉత్తరం వైపు నాలుగడుగులు వేసి తన ఈల వేస్తాడు, ఇంకొకాయన పడమరగా నడిచి తన కేక వేస్తాడు. కలిసిన మంద దానంతట అదే రెండుగా చీలి ఎవరి వెంట వాళ్లకు వెళ్లిపోతుంది. కాపరి అన్న మాటకు మా ఊళ్లో అర్థం అదే. తొట్టి దగ్గర పిలిస్తే గొర్రెలు వెంట రావాలి. రాకపోతే వాటిని మేపుతున్నది వేరొకరన్నమాట.

కరోనా రెండో విడత వచ్చిన ఏడాది మే నెలలో కుళ్లాయప్పకు దగ్గు మొదలైంది. దుమ్ము దగ్గులే అనుకున్నాడు. నాలుగో రోజు గుట్ట సగం ఎక్కి కూర్చుండిపోయాడు. కొడుకు రామాంజనేయులు పుట్టపర్తిలో ఆటో నడిపేవాడు. ఆశ్రమానికి యాత్రికులు రావడం ఆగిపోయాక ఆటో ఇంటి ముందే ఉండేది. ఆ ఆటోలోనే తండ్రిని అనంతపురం తీసుకెళ్లాడు. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు.

ఆ రోజుల్లో నలభై ఒక్క గొర్రెలను రామాంజనేయులే మేపడానికి తీసుకెళ్లాడు. నాలుగు రోజులు మేపాడు. మొదటి రోజు అవి ఒకరి కూరగాయల తోటలో పడ్డాయి, రెండో రోజు ఇంకొకరి తోటలో. మూడో రోజు ఎక్కడికీ పోకుండా రోడ్డు మీద పడుకున్నాయి. నాలుగో రోజు సాయంత్రం అతను తిప్పయ్య ఇంటి ముందు నిలబడి, "మామా, ఆటోకైతే బ్రేకు ఉండాది. వీటికేముండాదో చెప్పు" అన్నాడు.

తిప్పయ్య సిద్దమ్మకు పెదనాన్న కొడుకు, కుళ్లాయప్పకు బామ్మర్ది వరస. నాలుగేళ్లు చిన్న. ఆయనకు యాభై రెండు గొర్రెలు. ఆ రెండు మందలనూ కలిపి గుట్టకు తోలుకుపోవడం మొదలుపెట్టాడు.

సిద్దమ్మ కూడా ఆ రోజుల్లోనే ఒక పని చేసింది. రోగి వాడిన బట్టలన్నీ సలసల కాగే నీళ్లలో వేసి ఉతకాలని ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ చెప్పి వెళ్లింది. పంచెలు, దుప్పట్లు ఉతికింది. కంబళి మిగిలింది. గొర్రె ఉన్నితో నేసిన నల్ల కంబళిని కాగే నీళ్లలో వేస్తే ముడుచుకుపోయి చెక్కలా అవుతుంది, ఎందుకూ పనికిరాదు. అది సిద్దమ్మ పెళ్లిలో ఆమె తండ్రి తన మంద ఉన్నితోనే నేయించి అల్లుడికి కప్పింది. ముప్పై ఎనిమిదేళ్లుగా కుళ్లాయప్ప వానలో, చలిలో, ఎండలో దాన్ని వదల్లేదు. సిద్దమ్మ ఒక రోజంతా దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. మరునాడు పెరట్లో నిప్పు పెట్టింది. ఉన్ని కాలిన వాసన మా ఇంట్లో రెండు రోజులు ఉంది. అప్పటికి విశ్వవిద్యాలయం హాస్టలు మూసేయడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ వాసన ఎక్కడిదో కనుక్కోవాలనిపించినా అడగలేకపోయాను.

కుళ్లాయప్ప తిరిగొచ్చాడు. సగం మనిషయ్యాడు. మంచం మీద నుంచి దొడ్డి గేటు దాకా నడిచి, గేటు పట్టుకుని కాసేపు నిలబడితేగాని తిరిగి రాలేకపోయేవాడు. మూడో రోజు కంబళి కోసం చూశాడు.

"కంబళి యాడుండాది?"

"కాల్చినా," అంది సిద్దమ్మ.

ఆయన వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. తర్వాత, "మీ నాయన ఇచ్చింది గదనే," అన్నాడు.

"మా నాయన ఇచ్చిందే. ఇంగో కంబళి తెస్తా. ఇంగో మనిషిని యాడ తెచ్చేది?"

"అయితే కంబళి ఇచ్చి మనిషిని మార్చుకొంటివి."

"ఆ. తరుగు పోయిందిలే కొంచెం. ఏం చేస్తాం, తీసుకొంటి."

ఆ మాటకు ఆయన నవ్వబోయి దగ్గాడు.

జూన్ మూడో వారంలో ఒక ఉదయం తొట్టి దాకా వెళ్తానన్నాడు. సిద్దమ్మ తలకు పోసింది. ఆస్పత్రిలో ఇచ్చిన మందు సబ్బుతో ఒళ్లంతా రుద్దింది. ఉతికిన తెల్ల పంచె కట్టించింది. రామాంజనేయులు తండ్రి చేతుల్లో సానిటైజర్ పోసి మోచేతుల దాకా పూశాడు. అంత శుభ్రంగా కుళ్లాయప్ప తన పెళ్లిలో కూడా లేడని తర్వాత తిప్పయ్య అన్నాడు.

తొట్టి దగ్గర రెండు మందలూ కలిసి నీళ్లు తాగుతున్నాయి. కుళ్లాయప్ప వాటిలోకి నడిచాడు. గొర్రెలు రెండు పాయలుగా విడిపోయి ఆయనకు దారిచ్చాయి, తెలియని మనిషికి ఇచ్చినట్టు. బొల్లి అని పిలిచే తెల్లముఖం ముసలి గొర్రె ఒకటుంది, ఆయన చేతుల మీద పుట్టింది. అది దగ్గరికొచ్చి ఆయన చెయ్యి వాసన చూసి, తుమ్మి, వెనక్కి పోయింది.

ఆయన తొట్టికి తూర్పుగా నడిచి రెండు వేళ్లు నోట్లో పెట్టాడు. గాలి వచ్చింది, ఈల రాలేదు. మళ్లీ ఊదాడు. దగ్గు వచ్చింది. మూడోసారి ఊదేసరికి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

"బావా, కొత్త పెండ్లికొడుకు మాదిరి వాసనొస్తాండావు. అవి భయపడతాండాయి," అన్నాడు తిప్పయ్య. ఎగతాళిగా మొదలుపెట్టాడు గానీ ఆ వంగిన మనిషిని చూసి మాట మెత్తబడింది. "ఊరుకో. నేను తోలుకుపోతాలే."

తిప్పయ్య పడమరగా నడిచి తన ఈల వేశాడు. తొంభై మూడూ ఆయన వెంట వెళ్లిపోయాయి. బొల్లి కూడా. తొట్టి దగ్గర కుళ్లాయప్ప ఒక్కడే మిగిలాడు.

ఆ సాయంత్రం రామాంజనేయులు తండ్రి మంచం దగ్గర కింద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. చెప్పాలనుకున్నది వారం నుంచి మింగుతున్నాడు.

"నాయనా, అమ్మేద్దాం."

"దేన్ని?"

"గొర్రెల్ని. గుట్ట మీద నీకు ఊపిరాడకపోతే ఎవరు సూస్తారు? మామ ఎన్ని రోజులని మేపుతాడు? ఆయనకూ అరవై దాటె. నువ్వు ఇంట్లో ఉండు. నేను సాకుతా."

"నీ ఆటోనే నిన్ను సాకడం లే."

"అది సరే. ఆశ్రమం తెరుస్తారు, మళ్లా జనం వస్తారు."

"నేనూ మళ్లా లేస్తా."

వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఒక గడువు పెట్టుకున్నారు. ఆగస్టులో పీర్ల పండగ. అది అయ్యే లోపల తొట్టి దగ్గర గొర్రెలు కుళ్లాయప్ప వెంట వస్తే మంద ఉంటుంది. రాకపోతే పండగ మరునాడు శనివారం, అనంతపురం సంతకు తోలుకుపోతారు. సిద్దమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. మరునాడు పొద్దున్నే బస్సెక్కి పుట్టింటికి వెళ్లి, అన్న కప్పుకునే కంబళిని అడిగి తెచ్చింది. అన్న ఇవ్వనన్నాడట. "మీ బావను కాల్చలేదు గదా, కంబళేగదా కాల్చినా," అని చెప్పి తెచ్చుకుందట.

కొత్త కంబళికి వేరే ఊరి గొర్రెల వాసన ఉంది. దాన్ని సిద్దమ్మ దొడ్డిలో నేల మీద పరిచింది. ఏడు రోజులు గొర్రెలు దాన్ని తొక్కాయి, దాని మీద పడుకున్నాయి, ఇంకా చేయాల్సినవన్నీ చేశాయి. ఎనిమిదో రోజు దులిపి ఎండలో వేసి భర్తకు కప్పింది. మందు సబ్బు మానేశాడు. "వాసన వస్తాండాది," అని ఆమె ముక్కు మూసుకుంటే, "రావాల్నే. దానికే గదా తిప్పలు," అనేవాడు.

గొర్రెలు ఇప్పుడు ఆయన్ను చూసి పారిపోవడం మానేశాయి. బొల్లి వచ్చి కంబళి కొస నమిలింది. కానీ ఈల లేదు. ఆస్పత్రిలో ఒక ప్లాస్టిక్ బొమ్మలాంటిది ఇచ్చారు. మూడు గొట్టాలు, వాటిలో మూడు గుండ్లు. గాలి గట్టిగా పీలిస్తే గుండ్లు పైకి లేవాలి. రోజూ దొడ్డి గోడ మీద పెట్టుకుని పీల్చేవాడు. మొదటి గుండు లేచేది, జూలైకి రెండోది కూడా లేచింది. మూడోది కదల్లేదు. ఆ వెంటనే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసి చూసుకునేవాడు. ఆ గాలి చప్పుడు మా మేడ మీదకు వినపడేది. చేతిలో పుస్తకం ఉన్నా ఆ సమయంలో పేజీ తిప్పడానికి నాకు మనసొప్పేది కాదు.

డబ్బా సంగతి అనుకోకుండా జరిగింది. రామాంజనేయులు తెచ్చిన పొడిని సిద్దమ్మ అంబలిలో కలిపి తాగించి తాగించి ఖాళీ చేసింది. ఇంటి వెనక నల్లతుమ్మ చెట్టు కింద ఎండుకాయలు రాలి ఉంటే, ఊరికే కూర్చోలేక కుళ్లాయప్ప ఆ డబ్బాలోకి ఏరాడు. దొడ్డిలో గొర్రెపిల్లలకు వేద్దామని లేచాడు. ఆయనకు జబ్బుగా ఉన్నప్పుడు పుట్టిన తొమ్మిది పిల్లలు తల్లులతో గుట్టకు పోకుండా దొడ్డిలోనే ఉండేవి. నడుస్తుంటే డబ్బా గలగలమంది. కాయలు వేశాడు. మరునాడు మళ్లీ నడిచాడు, మళ్లీ వేశాడు. మూడో రోజు ఆయన ఇంకా ఇంటి మూల తిరగకముందే తొమ్మిదీ గేటు దగ్గరికొచ్చి అరుస్తున్నాయి.

ఆయన గేటు దగ్గర నిలబడి డబ్బాను చూశాడు, పిల్లలను చూశాడు. ఇంట్లోకి వినపడేలా అరిచే ఊపిరి లేదు కాబట్టి మళ్లీ డబ్బా ఆడించాడు. సిద్దమ్మ బయటికొచ్చింది.

"ఏం, నన్ను గూడా తుమ్మకాయలకే పిలుస్తాండావా?"

"వచ్చినావు గదా," అన్నాడు.

ఆ పిల్లలకు ఆయన ఈల ఎలా ఉంటుందో తెలియదు. తెలియదు కాబట్టి దాని కోసం ఎదురుచూడవు. వాటికి కుళ్లాయప్ప అంటే డబ్బా చప్పుడే. అక్కడి నుంచి ఆయన పని సాగింది. సాయంత్రం మంద దిగి వచ్చే వేళకు పిల్లలను దొడ్డి ముందుకు వదిలి డబ్బా ఆడించేవాడు. పిల్లలు ఆయన చుట్టూ చేరి అరిచేవి. పిల్లలు అరిస్తే తల్లులు వచ్చేవి. తల్లులు వస్తే మిగిలినవి ఏముందోనని వచ్చేవి. వచ్చిన ప్రతిదానికీ ఒక కాయైనా పెట్టేవాడు. కాయలు లేకుండా డబ్బా ఎప్పుడూ ఆడించలేదు. రామాంజనేయులు ఒకసారి డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించి చూద్దామంటే చేతిలోంచి లాక్కున్నాడు.

"ఒక్కసారి అబద్ధమాడితే మళ్లా రావు. నీ ఆటో ఎక్కినోళ్లు కాదు అవి."

జూలైలో నాలుగు వానలు పడ్డాయి, అంతే. ఆ వానలకు నమ్మి వేరుశనగ వేసినవాళ్లు వేశారు. బోరు యజమాని ఎర్రన్న తన పన్నెండెకరాలు రెండో ఏడు కూడా బీడు పెట్టాడు. వచ్చే ఏడైనా వేయాలంటే ముందు నేలకు ఎరువు కావాలన్నాడు. తొట్టి దగ్గర కుళ్లాయప్ప కనబడితే, "మందను నా బీట్లో మేపుకొని, రాత్రుళ్లు ఆడే నిలపకూడదా? గింజలిస్తా," అని అడిగాడు. మందను పొలంలో పడుకోబెడితే పెంట నేలకు దక్కుతుంది, కాపరికి గింజలు దక్కుతాయి. మా వైపు పాత పద్ధతే. కానీ వెంటనే, "నలభైతో నాకు చాలదు కుళ్లాయప్పా. పన్నెండెకరాలు. వంద దాకా ఉంటే చెప్పు," అన్నాడు. కుళ్లాయప్ప తల ఊపాడు. నలభై కూడా తనవి అవునో కాదో అప్పటికి తెలియదు.

పీర్ల పండగకు ముందు రోజు తొట్టి దగ్గరికి ఆయన కంబళి కప్పుకుని, డబ్బా చంకన పెట్టుకుని, కాయల సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. నాలుగు ఫర్లాంగుల దూరం, మూడు చోట్ల కూర్చున్నాడు. రామాంజనేయులు ఆటోలో వెనకే వచ్చి దూరంగా ఆపాడు. శనివారం సంతకు వ్యాన్ మాట్లాడుకోవాలంటే ఆ పూటే ఏదో ఒకటి తేలాలి. నేను పక్క చేలో ఉన్న మా నాన్నకు సద్ది మూట ఇవ్వడానికి వెళ్లి, బోరు గది నీడలో నిలబడ్డాను.

మందలు వచ్చాయి, కలిశాయి, తాగాయి. తిప్పయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని పడమరగా నడిచి ఈల వేశాడు. గొర్రెలు తలలెత్తి కదిలాయి. ముందున్నవి అప్పుడే బాట ఎక్కాయి.

కుళ్లాయప్ప తూర్పుగా ఆరడుగులు వేసి, తువ్వాలు విప్పి, డబ్బాను ఆడించాడు. ఒక పొడుగు, రెండు పొట్టి. ఈల వేసినట్టే.

పిల్లలు ముందు తిరిగాయి. ఆ నెలలో వాటిని కూడా మందతో వదలడం మొదలుపెట్టారు. తొమ్మిదీ తల్లుల కాళ్ల మధ్య నుంచి దూసుకుంటూ వచ్చాయి. తల్లులు నిలబడ్డాయి, తిరిగాయి. బొల్లి నిదానంగా, తనకేమీ తొందర లేనట్టు వచ్చింది. పది, ఇరవై. రామాంజనేయులు ఆటో దిగాడు. ముప్పై. కుళ్లాయప్ప డబ్బా ఆపలేదు. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చాడు.

పిల్లలు కాక నలభై ఒకటి దగ్గర ఆగాల్సింది. ఆగలేదు.

బాట ఎక్కినవి కూడా దిగాయి. తిప్పయ్య మళ్లీ ఈల వేశాడు, ఇంకోసారి వేశాడు, ముఖం ఎర్రబడేదాకా వేశాడు. ఆయన పొట్టేలు, ఎవరి మాటా వినని పెద్ద కొమ్ములది, ఆయన పక్కనుంచే నడిచి వచ్చి కుళ్లాయప్ప సంచిలో తల పెట్టింది. మే నుంచీ రెండు మందలూ సాయంత్రం కలిసే దిగుతున్నాయి. తుమ్మకాయలు తిన్నవి కుళ్లాయప్ప గొర్రెలే కావు. ఈ లెక్క ఆయన వేసుకోలేదు.

"బావా, ఆ డబ్బా ఆపు," అని తిప్పయ్య అరిచాడు.

"ఆపితే అబద్ధమైతాది. అందరికీ పెట్టాల్సిందే."

"నావాటికెందుకు పెడతావు?"

"రమ్మని నేను పిలవలే. నీ పెంపకం అట్లుండాది."

బోరు దగ్గరున్నవాళ్లందరూ నవ్వారు. రామాంజనేయులు నవ్వి, నవ్వు ఆపుకోలేక ఆటోకు ఆనుకున్నాడు. తిప్పయ్యకు కోపం వచ్చిందనే అందరం అనుకున్నాం. ఆయన బాట దిగి గొర్రెల దగ్గరికి నడిచి వచ్చాడు. దిగేటప్పుడు ఎడమ కాలు ముందు పెట్టి కుడి కాలును దాని పక్కకు లాగి, మెట్లు దిగే చంటిపిల్లాడిలా దిగాడు. అది కుళ్లాయప్ప చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు.

"ఏంది?"

"మోకాలు."

తిప్పయ్య తొట్టి అంచు మీద కూర్చున్నాడు. "పోయిన ఏడు నుంచి. ఎక్కేటప్పుడు పరవాలే. దిగేటప్పుడు ప్రాణం పోతాది." మోకాలు నిమురుకుంటూ, "నువ్వు పడిపోయినావు, నేనూ పడిపోతే నవ్వరా జనం," అన్నాడు.

"తొంభై గొర్రెలు తోలుకొని గుట్టెక్కితివి గదా నా కోసరం, ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్పితే నువ్వు అమ్ముకొంటావు. నువ్వు అమ్ముకొంటే నాతో మాట్లాడేదానికి ఆ గుట్ట మీద ఎవరుండారు?"

ఎర్రన్న మోటారు ఆపి బయటికొచ్చి, తొట్టి చుట్టూ ఒకే ముద్దగా ఉన్న మందను చూశాడు. "ఎన్నుంటాయి?" అన్నాడు. కుళ్లాయప్ప, తిప్పయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పిల్లలు కాక తొంభై మూడు," అన్నాడు కుళ్లాయప్ప.

"ఒకే మందేనా?"

"ఒకటే," అన్నాడు తిప్పయ్య. "చూస్తాండావు గదా, విడిపోమంటే పోలే."

ఆ శనివారం వ్యాన్ రాలేదు. రెండు మందలూ ఎర్రన్న బీడులో దిగాయి. గుట్ట లేదు, ఎక్కేది లేదు, దిగేది లేదు. ముందు తిప్పయ్య ఈల వేసుకుంటూ నడుస్తాడు, చదునైన నేల మీద ఆయన మోకాలు ఏమీ అనదు. యాభై ఏళ్లు మందకు ముందు నడిచిన కుళ్లాయప్ప వెనక నడుస్తాడు. మొదట్లో అది ఆయనకు నచ్చలేదు. దుమ్ము అంతా తన మీదే పడుతుందని గొణిగాడు. వారం తర్వాత, ముందు నడిచేవాడికి గొర్రెలు కనపడవని, వెనక నడిచేవాడికే కనపడతాయని సిద్దమ్మతో చెప్పాడట. ఏ గొర్రె కుంటుతున్నదో, ఏది మేత మానిందో, ఏది ఈనబోతున్నదో ఆయనే ముందు చెబుతాడు. తప్పిపోయినవాటిని డబ్బాతో పిలుస్తాడు. కూర్చోవాలనిపిస్తే కూర్చుంటాడు, ఆయన కూర్చుంటే మంద కూడా నెమ్మదిస్తుంది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చెట్టు నీడన సంగటి తింటారు. తిప్పయ్యకు కారం ఎక్కువ కావాలి, కుళ్లాయప్పకు దగ్గు వస్తుంది కాబట్టి వద్దు. సిద్దమ్మ రెండు గిన్నెల్లో చట్నీ కట్టి పంపుతుంది. గిన్నెలు మారాయని వారానికి ఒకసారైనా గొడవ.

ఎర్రన్న బీడు అయ్యాక ఇంకొకరు పిలిచారు. ఆ తర్వాత ఇంకొకరు. బీళ్లకు మా వైపు కొరత లేదు. ఇప్పుడు రెండిళ్లకూ గింజలు వస్తాయి. సాయంత్రం మంద ఊళ్లోకి వచ్చే రోజుల్లో రెండు దొడ్ల గేట్లు తీసి పెడితే చాలు, ఏ దొడ్డిది ఆ దొడ్డికి వెళ్లిపోతుంది.

ఆశ్రమానికి మళ్లీ జనం వస్తున్నారు. రామాంజనేయులు మళ్లీ ఆటో నడుపుతున్నాడు. పోయిన సంక్రాంతి తర్వాత తండ్రికి కొత్త డబ్బా ఒకటి తెచ్చాడు, మెరిసే స్టీలుది, మూత తిప్పి బిగించేది. కుళ్లాయప్ప దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, సిద్దమ్మకిచ్చాడు. ఆమె దాంట్లో ఉప్పు పోసుకుంది.

"ఎందుకు నాయనా, బాగలేదా?"

"బాగుండాది. నాది కాదు ఆ గొంతు."

ఈల మళ్లీ రాలేదు. మూడో గుండు ఇప్పటికీ లేవదు. ఆ ప్లాస్టిక్ గొట్టాలు దొడ్డి గోడ మీద దుమ్ము పట్టి ఉన్నాయి, వీధి పిల్లలెవరైనా అడిగితే ఆయన పీల్చి రెండు గుండ్లు లేపి చూపిస్తాడు. కుళ్లాయప్పకు ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. దొడ్డిలో నలభై ఆరు గొర్రెలున్నాయి. రోజూ ఉదయం ఎనిమిదింటికి మంద వెనక బయలుదేరుతాడు.